గరాజు గుమ్మం కాళ్ళు



అమెరికాలో సొంతిల్లు ఉన్న తెలుగువారితో ఈ పూట ఒక చిన్న చోటు గురించి మాట్లాడాలని వచ్చాను. పండగొస్తే వీధి గుమ్మానికి తోరణం కడతాం. గడపకు పసుపు రాసి బొట్లు పెడతాం. ఆ గుమ్మం రంగు కాస్త వెలిసినా మనసు ఒప్పుకోదు. కానీ రోజూ మనం ఇంట్లోకి వచ్చేదీ, బయటికి పోయేదీ ఆ దారిన కాదు. పొద్దున ఆఫీసుకు బయల్దేరినా, పిల్లల్ని బడి నుంచి తెచ్చినా, బియ్యం బస్తా దింపినా గరాజు తలుపే పైకి లేస్తుంది. ఆ తలుపు చుట్టూ ఒక చెక్క చట్రం ఉంది. రెండు పక్కలా రెండు నిలువు చెక్కలు, పైన ఒక అడ్డచెక్క. ఇక్కడి పనివాళ్ళు దాన్ని ట్రిమ్ అంటారు. ఆ నిలువు చెక్కల అడుగు భాగం, డ్రైవ్‌వే కాంక్రీటుకు ఆనే చోటు, చాలా ఇళ్ళలో ఈపాటికి పుచ్చి ఉంటుంది. పైన రంగు ఉండడంతో కంటికి ఆనదు.

ఈ వారాంతంలో ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని అక్కడ గొంతుక్కూర్చుని చూడండి. కింది నుంచి జానెడు ఎత్తు వరకూ చూస్తే చాలు. రంగు కింద ఒక చిన్న బుడగ ఉండొచ్చు, లేదా వెంట్రుక మందాన నిలువు పగులు. స్క్రూడ్రైవర్ కొన ఆనించి మెల్లగా నొక్కండి. గట్టి చెక్క అయితే కొన దిగదు. పుచ్చిన చెక్క అయితే అర అంగుళం అడ్డు లేకుండా దిగిపోతుంది. రంగు పొర ఒక్కటే నిలబడి ఉంటుంది, దాని వెనక చెక్క ఉండదు. కొనతో కాస్త తవ్వితే ముదురు గోధుమరంగు ముక్కలు రాలతాయి. అవి నిలువుగానూ అడ్డంగానూ పగిలి చిన్న చిన్న గళ్ళుగా ఉంటాయి. వేళ్ళ మధ్య నలిపితే పొడి.

ఇది చూడగానే మనవాళ్ళకు తట్టేది చెదలు. చెదలైతే మట్టి గొట్టాలు కడతాయి, కాంక్రీటు మీదుగా చెక్కలోకి పాకిన సన్నటి మట్టి దారి కనిపిస్తుంది. నల్ల చీమలు కూడా ఉండొచ్చు. అవి చెక్కను తినవు, మెత్తబడిన చెక్కను తొలిచి గూడు కట్టుకుంటాయి, తొలిచిన పొట్టును బయట కుప్ప పోస్తాయి. గళ్ళుగళ్ళుగా పగిలిన గోధుమరంగు పొడి మాత్రం ఒక శిలీంధ్రం చేసిన పని. చెక్కకు బలమిచ్చే సెల్యులోజును అది తినేసి, గోధుమరంగులో ఉండే లిగ్నిన్‌ను వదిలేస్తుంది. పైకి ఆకారం ఉంటుంది, లోపల సత్తువ ఉండదు.

ఆ శిలీంధ్రానికి కావలసినవి నాలుగు: తిండి, గాలి, వెచ్చదనం, తడి. మొదటి మూడూ మన చేతిలో లేవు. చెక్కే దాని తిండి, గాలి ఎటూ ఉంటుంది, వెచ్చదనం వేసవి ఇస్తుంది. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. చెక్కలో తేమ, ఎండు చెక్క బరువులో 20 శాతం లోపు ఉన్నంతకాలం శిలీంధ్రం పని సాగదు. 30 శాతం దగ్గరికి చేరి అక్కడే ఉండిపోతే దానికి పండగ. తేమ కొలిచే చిన్న మీటరు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. రెండు సూదులు చెక్కలోకి గుచ్చితే అంకె చూపిస్తుంది. వాన వెలిసి నాలుగు రోజులైనా ఆ అంకె దిగకపోతే, నీళ్ళు ఎక్కడి నుంచో వస్తున్నాయని అర్థం.

మరి తడి అడుగు నుంచే ఎందుకు ఎక్కుతుంది? చెట్టు నిలబడి ఉన్నప్పుడు నీళ్ళు వేళ్ళ నుంచి కొమ్మల దాకా సన్నటి గొట్టాల గుండా పైకి పోయేవి. పలక కోసినా ఆ దారులు పలకలో నిలువునా అలాగే ఉంటాయి. రంపం పెట్టి అడ్డంగా కోసిన కొనలో అవన్నీ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఆ కొనను తడి కాంక్రీటు మీద ఆనిస్తే, ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు నీళ్ళు పీలుస్తుంది. పలక పక్కల నుంచి ఎక్కే తడి దీని ముందు ఎంతో తక్కువ. ఇల్లు కట్టేటప్పుడు వడ్రంగి పలకను కాంక్రీటుకు ఆనించి కొట్టేస్తాడు, పెయింటర్ ముందు వైపు మూడు పూతలు పూస్తాడు. కోసిన కొన దగ్గరికి కుంచె చేరదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు రంగు వేయించినా ఆ అడుగు కొన పచ్చిగానే ఉండిపోతుంది. పైగా ముందు వైపు పూసిన మందపాటి రంగు, లోపలికి చేరిన తడిని బయటికి పోనివ్వదు.

1971లో థియోడర్ షెఫర్ అనే కలప శాస్త్రవేత్త ఒక లెక్క కట్టాడు. ఏ ఊళ్ళో చెక్క ఎంత తొందరగా పుచ్చుతుందో అంచనా వేసే లెక్క అది. నెలనెలా సగటు వేడి ఎంత, ఆ నెలలో ఎన్ని రోజులు వాన పడింది అన్న రెండిటినీ కలిపి ఒక అంకె తీస్తాడు. 35 లోపు వస్తే ముప్పు తక్కువ, 65 దాటితే ఎక్కువ. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు పై కొసన ఉంటాయి, ఆరిజోనా, నెవాడా ఎడారులు అడుగున ఉంటాయి. ఈ లెక్కలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఎన్ని అంగుళాల వాన పడిందని అతను అడగలేదు, ఎన్ని రోజులు పడిందని అడిగాడు. ఒక్క రోజు కుండపోతగా కురిసి వారం ఎండ కాస్తే చెక్క ఆరిపోతుంది. రోజూ కాసింత తడిసే చెక్కకు ఆరే తీరికే దొరకదు.

దీన్ని మన ఇంటికి అన్వయించుకుని చూడండి. ఫీనిక్స్‌లో వానలు లేవు కదా అనుకుంటాం. కానీ లాన్ స్ప్రింక్లర్ తెల్లవారుజామున రోజూ తిరుగుతూ గరాజు మూల మీద నీళ్ళు చల్లుతుంటే, ఆ జానెడు చెక్కకు ఫీనిక్స్ వాతావరణం లేదు. జార్జియాలో ఎలా పుచ్చుతుందో అక్కడా అలాగే పుచ్చుతుంది. అట్లాంటా చుట్టుపక్కల ఇళ్ళలో ఆకులు నిండిన గట్టర్ పొంగి చూరు నీళ్ళు సరిగ్గా ఆ మూల మీదే పడుతుంటాయి. కింద కాంక్రీటుకు తగిలి ఎగిరిన చినుకులు చెక్కను అడుగు ఎత్తు దాకా తడుపుతాయి. న్యూజెర్సీలో చలికాలమంతా కారు మోసుకొచ్చిన మంచు గడ్డలు గరాజులో కరుగుతాయి, రోడ్డు ఉప్పు కలిసిన ఆ నీళ్ళు తలుపు కిందికి పారి చెక్క మొదట్లో నిలుస్తాయి. ఆ ఉప్పుకు లోపలి మేకులు కూడా తుప్పు పడతాయి. కొన్ని ఇళ్ళలో డ్రైవ్‌వే కుంగి వాలు తిరగబడి ఉంటుంది, వీధి వైపు పోవలసిన నీళ్ళు గరాజు వైపు వస్తాయి.

ఇక చెక్క సంగతి. మన ఊళ్ళలో పాత ఇళ్ళ ద్వారబంధాలు చూడండి. టేకు చేవతో చేసినవి తాతల నాటి నుంచి వానలో తడుస్తూనే నిలబడి ఉన్నాయి. టేకు చేవలో సహజంగానే పుచ్చును ఆపే పదార్థాలున్నాయి. చేవ తేలని తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు, అది టేకుదైనా సరే. అమెరికాలో ఇప్పటి ఇళ్ళకు వాడే ట్రిమ్‌లో చాలావరకు తొందరగా పెంచి కోసిన పైన్. దానిలో చేవ తక్కువ. చిన్న చిన్న ముక్కలను పళ్ళుపళ్ళుగా కోసి జిగురుతో అతికి, తెల్లటి ప్రైమర్ పూసి పొడవాటి పలకగా అమ్ముతారు. ఇంటి లోపల అది మంచి సరుకే. బయట, కాంక్రీటు మీద, అడుగు కొన పచ్చిగా ఉంచి నిలబెడితే ఎక్కువ కాలం ఆగదు.

ఇల్లు పాతబడగానే జరిగేది ఇది: హెచ్‌ఓఏ అనే ఇళ్ళ యజమానుల సంఘం నుంచి ఉత్తరం వస్తుంది, గరాజు ట్రిమ్ బాగు చేయించమని. మనం ఒక మనిషిని పిలుస్తాం. అతను మెత్తబడిన చోట కాస్త గీకి, లప్పం నింపి, సాపు చేసి, కింద కాంక్రీటుకూ చెక్కకూ మధ్య సందును రబ్బరు ముద్దలాంటి కాల్క్‌తో మూసి, రంగు వేసి వెళ్తాడు. చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది. ఈ పనిని నేను గట్టిగా వద్దంటాను. పుచ్చిన చెక్కకు లప్పం అంటుకోదు, అంటుకోవడానికి గట్టి చెక్క ఉండాలి. దానికంటే కీడు ఆ అడుగున పెట్టిన కాల్క్. పై నుంచి దిగిన నీళ్ళు బయటికి పోయే ఒక్క దారినీ అది మూసేస్తుంది. చెక్క అక్కడ నీళ్ళలో నిలబడుతుంది. మరమ్మతుకు ముందు కంటే తర్వాతే తొందరగా పుచ్చుతుంది.

ఎపాక్సీతో బాగుచేసే పద్ధతి ఒకటుంది, దాన్ని నేను కాదనను. పాతకాలపు ఇంట్లో చెక్కిన అచ్చు ఇప్పుడు దొరకనప్పుడు, దెబ్బ అరచేతి మేర ఉన్నప్పుడు, చెక్కను పూర్తిగా ఆరబెట్టి మెత్తటిదంతా తీసేసి ఎపాక్సీ నింపితే నిలుస్తుంది. మామూలు గరాజు ట్రిమ్‌కు అంత శ్రమ అక్కర్లేదు. చాలా గరాజు తలుపుల ఎత్తు 7 అడుగులో 8 అడుగులో. ఆ మాత్రం పలకను మొత్తంగా మార్చేయడమే తేలిక.

మార్చే ముందు జాగ్రత్త మాట. గరాజు తలుపు పైన అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, దాని మీద చుట్టిన లావాటి స్ప్రింగు ఉంటుంది. తలుపు బరువంతా మోసేది అదే. తలుపు కింది మూలల్లో ఉన్న బ్రాకెట్లకు ఇనుప తీగలు బిగించి ఉంటాయి, ఆ తీగల్లో స్ప్రింగు బలమంతా ఉంటుంది. ఆ స్ప్రింగునూ, ఆ తీగలనూ, కింది బ్రాకెట్ బోల్టులనూ మీరు ముట్టుకోవద్దు. ఊడి వస్తే చెయ్యి విరుగుతుంది, కన్ను పోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. ట్రిమ్ మార్చడానికి వాటితో పనిలేదు. తలుపు మూసి, ఓపెనర్ కరెంటు తీసేసి బయటి వైపు నుంచే పని చేసుకోవచ్చు. లోపల తలుపు పట్టాలను బిగించిన చెక్క కూడా మెత్తబడితే మాత్రం ఆగిపోండి. ముందు గరాజు తలుపుల మెకానిక్‌ను పిలవండి.

ఇల్లు 1978కి ముందు కట్టినదైతే పాత రంగులో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని నిషేధించింది ఆ ఏడాదే. అలాంటి రంగును పొడిపొడిగా గీకకూడదు, పిల్లలు ఆడుకునే చోట ఆ దుమ్ము అస్సలు పడకూడదు. డబ్బిచ్చి చేయిస్తుంటే, ఆ పనికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాళ్ళచేతే చేయించాలని 2010 నుంచి నియమం ఉంది.

ఇక పని. తలుపు అంచుకు ఒరుసుకుంటూ ఒక రబ్బరు నాలుక ఉంటుంది, వెదర్‌స్ట్రిప్. ముందు దాన్ని ఊడదీయండి. ట్రిమ్ గోడను కలిసే గీత వెంట కత్తితో రంగునూ కాల్క్‌నూ కోయండి. కోయకుండా ఎత్తితే పక్కనున్న సైడింగ్ కూడా చీలి వస్తుంది. తర్వాత పలుచటి ప్రై బార్ దూర్చి, వెనక చిన్న చెక్కముక్క దన్ను పెట్టి, మేకు ఉన్న చోటల్లా కొంచెం కొంచెంగా లేపండి.

పలక చేతికి వచ్చాక దాన్ని వెంటనే పారేయకండి. తిప్పి వెనక వైపు చూడండి. వీపు మీద నీళ్ళు ఎక్కడి దాకా ఎక్కాయో నల్లటి చారికలు చూపిస్తాయి. అడుగున నలుపు ముదురుగా ఉండి పైకి పోయేకొద్దీ పలచబడితే నీళ్ళు కింద నుంచి వచ్చాయి. పైన మొదలై కిందికి దిగితే దోషం అడ్డచెక్క దగ్గర ఉంది, అక్కడ నీళ్ళను బయటికి మళ్ళించే రేకు లేదన్నమాట. ఒక పక్క అంచు మాత్రమే నల్లబడితే గోడ సందు తెరుచుకుంది. మేకులు చూడండి, ఏ మేకు తుప్పుకు సన్నబడిందో దాని పక్కన చెక్క ఎక్కువ కాలం తడిసి ఉంది. తెల్లటి దారాల్లాంటివి అల్లుకుని ఉంటే శిలీంధ్రం ఇంకా బతికే ఉండొచ్చు. ఆ పలక వీపు చదివాకే కొత్తది ఎలా పెట్టాలో తెలుస్తుంది. చెక్క మార్చడం ఈ పనిలో సగమే. మిగతా సగం నీళ్ళ దారి మళ్ళించడం. ఆ సగం వదిలేస్తే కొత్త పలకకూ పాతదాని గతే పడుతుంది.

పలక వెనక ఉన్న గోడ చెక్కను కూడా స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే రెండు రోజులు ఆరనివ్వండి. బోరేటు మందు ద్రావకంగానో కడ్డీలుగానో దొరుకుతుంది, అది పెడితే మిగిలిన చెక్కలో శిలీంధ్రం తిరిగి లేవదు. మెత్తగా ఉంటే అక్కడి దాకా కోసి కొత్తది వేయాలి. దాని మీద కొత్త పలక కొట్టేసి కప్పేయడం తప్పు.

కొత్త పలక దేనితో? నా ఓటు పీవీసీకి. అది నీళ్ళు పీల్చదు, శిలీంధ్రానికి తిండి కాదు. వడ్రంగం పనిముట్లతోనే కోయొచ్చు. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 7 అడుగుల నిలువు పలకలో అది లెక్కలోది కాదు, 16 అడుగుల పై అడ్డచెక్కలో మాత్రం చూసుకోవాలి. ముదురు రంగు వేయదలిస్తే వినైల్‌కు పనికొచ్చే రంగే అడగండి, లేకపోతే ఎండకు వేడెక్కి వంకర పోతుంది. చెక్కే కావాలంటే ఇక్కడి సీడర్ మంచిది. మందు పట్టించిన పైన్ కూడా తొందరగా పుచ్చదు. కానీ అది దుకాణం నుంచి తడిగా వస్తుంది, ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి చూడండి. చుక్కలు లోపలికి ఇంకితే రంగుకు సిద్ధం, పైనే నిలిస్తే ఇంకా ఆరాలి. ఒకటి గుర్తుంచుకోండి, ఇక్కడ ఒకటి బై నాలుగు అని అమ్మే పలక కొలిస్తే ముప్పావు అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పే ఉంటుంది. పాత పలకను కొలిచి వెళ్ళండి, పేరు చూసి కొనకండి.

బిగించేటప్పుడు ముఖ్యమైన చోటు మళ్ళీ ఆ అడుగే. పలకను కాంక్రీటుకు ఆనించకూడదు. పావు అంగుళం నుంచి అర అంగుళం ఎత్తులో ఆపాలి. కింద అంత మందం చెక్కముక్క పెట్టి దాని మీద పలక నిలబెట్టి మేకులు కొట్టి, తర్వాత ఆ ముక్క లాగేస్తే సందు సమంగా వస్తుంది. చెక్క పలకైతే బిగించకముందే అన్ని వైపులా, వీపుకు కూడా, ప్రైమర్ వేయాలి. కోసిన కొనలకు రెండుసార్లు, ఇంకేంత వరకూ పూయాలి. మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువో, వేడి జింకులో ముంచినవో వాడాలి. పై అడ్డచెక్క నెత్తి మీద, సైడింగ్ వెనక ఉండే తడి ఆపే కాగితం కింద నుంచి వచ్చి ముందుకు వంగే రేకు ఒకటి ఉండాలి. చాలా ఇళ్ళలో అది ఉండదు. ఇటుక గోడల డాలస్ ఇళ్ళలో దాన్ని పెట్టడం కొంచెం కష్టం, సైడింగ్ ఇళ్ళలో సులువు. కాల్క్ నిలువు సందులకు వేయండి. ఆ రేకు కింది అంచుకూ, పలక అడుగు సందుకూ వేయొద్దు, అవి నీళ్ళు బయటికి పోవడానికి వదిలిన దారులు.

చివర్న వెదర్‌స్ట్రిప్. తలుపు మూసి ఉంచి, రబ్బరు తలుపుకు తేలిగ్గా ఆనేలా కొట్టాలి. గట్టిగా నొక్కితే తలుపు పట్టేస్తుంది, ఓపెనర్ ఏదో అడ్డొచ్చిందనుకుని మధ్యలో వెనక్కి తిప్పుతుంది. పని అంతా అయ్యాక తలుపు కిందికి దిగకుండా లైటు మిణుకుమిణుకుమంటే కంగారు పడకండి. నేలకు ఆరు అంగుళాల లోపు ఎత్తులో రెండు పక్కలా రెండు చిన్న సెన్సర్లుంటాయి. కింద పిల్లలో పిల్లులో ఉంటే తలుపును ఆపేవి అవే. సుత్తి దెబ్బల అదురుకు వాటిలో ఒకటి పక్కకు తిరిగి ఉంటుంది. రెండూ ఎదురెదురుగా చూసేలా సరిచేస్తే తలుపు దిగుతుంది.

తర్వాత గట్టర్ శుభ్రం చేయించండి, స్ప్రింక్లర్ తలను గోడకు దూరంగా తిప్పండి. ఈ రెండూ చేయడానికి గంట చాలు.

మీరే చేయలేకపోతే మనిషిని పెట్టుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. అయితే బేరం కుదిరేటప్పుడే పాత పలక వీపు మీకు చూపించమని చెప్పండి. కోసిన కొనకు ప్రైమర్ వేశాకే బిగించమనండి. పని పూర్తయిందని పిలిచినప్పుడు మీరు వంగి, పలక అడుగున ఒక సన్నటి పుల్ల దూర్చి చూడండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా అడ్డు లేకుండా జరిగితేనే డబ్బులివ్వండి.